పదిహేనుకి ఎంత

బరంపురం పెద్దాసుపత్రి. రాత్రి పదకొండు దాటింది.
కాశీనగరం నించి సగం దారి ఆటోలో, సగం అంబులెన్సులో
తల ఒక పక్కకి వాల్చుకుని వచ్చింది.
పురుడు పోసుకుని పదకొండో రోజు.
నాలుగు రోజులు తలనొప్పి, తలనొప్పి.
నిన్న సాయంత్రం ఎడం చెయ్యి దానంతటది కొట్టుకుంది.
ఈ పొద్దు మాట లేదు.

కటకం నించి వచ్చిన కుర్ర డాక్టరు, సాబత్ బాబు,
ఫిల్ము వెలుగులో పెట్టి వేలుతో చూపించేడు.
నడినెత్తి వెనక పెద్ద సిర
తెల్లగా నిండుగా మెరవాల్సిన చోట
అంచులే మెరుస్తున్నాయి. లోపల నల్లటి త్రికోణం.
పక్కన, మెదడులో, చిమ్మిన నెత్తురు చిన్న మరక.

ఆమె మొగుడు దండాసికి నేను తెలుగులో చెప్పేను:
నీ మడికి నీరొచ్చే కాలవ బాగానే ఉంది నాయినా,
మురుగు పోయే బోదె పూడిపోయింది.
వచ్చేది వస్తూనే ఉంది, పోయే దారి లేదు.
గట్టు ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ తెగింది.
వెంటనే అర్థమైంది అతనికి.
అర్థమయ్యే కూలబడ్డాడు.
"నెత్తురు చిమ్మిందంటన్నారు, మళ్ళీ
పలచనవ్వడానికి సూదేటమ్మా?"
ఉద్యోగంలో చేరిన ఏడు నేనూ అడిగిన ప్రశ్నే.
గడ్డ పెరగడం ఆగితే గాని
దాన్ని కరిగించుకునే తీరిక ఒంటికి దొరకదు.

ఇక కాగితం.
కళ్ళకి నాలుగు, మాటకి అయిదు, కదలికకి ఆరు.
ఈ పరీక్షలో ఎవరికీ సున్నా రాదు,
ఊపిరాగినవాడికీ మూడు వేస్తారు.
తొమ్మిదికి దిగువైతే మంచం మారుతుంది,
డాక్టర్ల గొంతు మారుతుంది.

"సుభాసినీ! ఆఖి ఖోల!" అన్నాడు సాబత్ బాబు.
కళ్ళు తెరవలేదు.
గోరు మీద పెన్ను నొక్కితే తెరిచింది. రెండు.
చెయ్యి వెనక్కి లాక్కుంది. నాలుగు.
నోట్లో ఏదో గొణిగింది.
అర్థం లేని శబ్దాలు, రెండు, అని రాసేడు.
మొత్తం ఎనిమిది.

తలుపు దగ్గర పసిబిడ్డతో నిలబడ్డ అత్త
గున్నమ్మ ఉండబట్టలేక పిలిచింది:
"ఓలె పిట్టా!"
రెప్పలు లేచేయి.

అప్పుడు చెవి ఆనించి విన్నాను నేను.
"నీల్లు... గుక్కెడు... అత్త సూడకుండా..."

"ఏమంటోంది సిస్టర్?"
"నీళ్ళడుగుతోంది సార్. ఇంట్లోనే ఉన్నాననుకుంటోంది."
మిగిలిన రెండు మాటలూ ఒడియాలోకి రానివ్వలేదు.
గున్నమ్మకి ఒడియా అక్కర్లేకపోయింది.
బాలింత నీరు తాగితే ఒళ్ళు చెమ్మగిల్లుతాదని
కాయం ముద్దలూ వెల్లుల్లీ పెట్టి, చెంబు దాచింది.
తనకీ అలాగే దాచేరు, అయిదు పురుళ్ళకీ.
తనకేం కాలేదు. అదే ఆవిడకి సాక్ష్యం.
ఒక్కొక్క గుటకకీ లెక్క ఉంటుందని నేనన్లేదు.
ఇంకా కారణాలుంటాయి, రక్తపరీక్షకి రాసేరు.

ఎనిమిది కొట్టేసి పదకొండు వేసేడు.
గడ్డ గింజంతైనా తగ్గలేదు.
సిర తెరుచుకోలేదు.
మారింది మా చెవులే.
మరి ఇన్నేళ్ళలో ఈ వార్డులో
సవర మాటకీ, కువి మాటకీ
ఎన్ని రెళ్ళు వేసేమో.

మూడింటికి బిడ్డ ఏడిచేడు.
ఆమె కదల్లేదు గాని
రవిక ముందు భాగం తడిసింది.
దీనికి కాగితంలో గడి లేదు.
దుప్పటి సర్ది, మందు పంపు చూసుకున్నాను.

తెల్లవారుఝామున మళ్ళీ వచ్చి నొక్కేడు గోరు.
ఈసారి అతని చేతినే పట్టి తోసేసి
వంశధార ఒడ్డున మాత్రమే పుట్టగల
తిట్టొకటి తిట్టింది, పూర్తి వాక్యం.

"ఏమంది?"
పన్నెండు రాసుకోండి బాబూ, అన్నాను.